గోలుకాపరి జీవితము

(వైరాలో జరిగిన మన సంఘ వార్షిక మహాసభ యువజనగోష్ఠియందు చేయబడిన ఉపన్యాసము)



ఈ గోష్ఠియందు క్రీడలనుగూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. అన్ని యాటలనుగూర్చియు కొంచెము కొంచెము చెప్పుటకంటె ఒక్క యాటగాని జీవితమును మొదటినుండి తుదివరకు చెప్పుట మేలని తలచితిని. కావున హైదరాబాదునందు 1935వ సంవత్సరమున జన్మించి, భారతదేశపు ఫుట్‌బాలు జట్టునకు పదియేండ్లపాటు గోల్‌కీపరుగా నిలిచిన పీటర్ తంగరాజుగారి చరిత్రమును ఎన్నుకొంటిని.

ఈ సంగతి తెలిసినంతనే పెద్దలిరువురు రెండు ఆక్షేపణలు చేసిరి. ఆయన మన కులమువాడు కాడుగదా, మన సభలో ఆయన ప్రసంగ మేల యన్నది మొదటిది. బంతి తన్నినవాని కెవ్వడు బువ్వ పెట్టును అన్నది రెండవది. మొదటిదానికి నా సమాధానము మిక్కిలి చిన్నది. ఆయన కులమేదియో నేను విచారింపలేదు, విచారింపవలెనని తోచనునులేదు. మన పిల్లలకు నేర్పదగిన విద్య యెవ్వనియొద్ద నున్నను అడిగి తెచ్చుకొనుటయే మన పెద్దలు ఈ సంఘము స్థాపించిన నాటినుండి చేయుచున్న పని. మన విద్యార్థి వసతిగృహమున చదివిన బాలురు ఏ కులపు గురువులయొద్ద చదివిరో మన మెన్నడైన లెక్క వ్రాసితిమా? రెండవ ఆక్షేపణము మాత్రము త్రోసివేయదగినది కాదు. అది న్యాయమైన ప్రశ్న. అదియునుగాక, విద్యానిధిలో పదియింట నొక పాలు ఆటలయందు ప్రతిభగల బాలబాలికలకై వేరుపరుపవలెనను తీర్మానము ఈ సాయంకాలమే సభవారి ముందునకు రానున్నది. కావున బువ్వమాట మరువకుండనే ఈ చరిత్రము చెప్పెదను.

మొదట గోల్‌కీపరు పనియేమో తెలియనివారికి రెండు మాటలు. గోలు ఎనిమిది గజముల వెడల్పు, ఎనిమిది అడుగుల యెత్తు గల ద్వారము. పదునొకండుగురిలో చేతులతో బంతి పట్టుట కధికారము గలవా డొక్కడే. 1912కు పూర్వము అతడు తన సగము మైదానములో నెక్కడనైనను బంతిని చేతితో తాకవచ్చును. ఆ యేటినుండి తన గోలు ముందరి పెనాల్టీ హద్దులోపలనే తాకవలెనని నిబంధన చేసిరి. పెనాల్టీ తన్ను పండ్రెండు గజముల దూరమునుండి కొట్టుదురు. బలముగా తన్నిన బంతి గోలు చేరుటకు అర సెకను పట్టదు. అంతలో చూచి, నిశ్చయించి, దుమికి, చేయి చాపవలెను. నిలిచిన చోటనే నిలిచి యుండుట మంచి గోల్‌కీపరు లక్షణము కాదు. ఎదిరి బంతితో వచ్చునపుడు తాను రెండడుగులు ముందునకు వచ్చినచో వానికి గోలు ఇరుకై కనబడును. నాలుగడుగులు వచ్చినచో తల మీదుగా బంతి పోవును. ఎన్నడుగులు వేయవలెనో ఏ పుస్తకమును చెప్పజాలదు. ఏండ్ల తరబడి దెబ్బలు తిన్న యొడలికే అది తెలియును.

మన పల్లెలలో ఆటరానివానిని గోలులో నిలుపుట ఆచారము. బొద్దుగా నుండి పరుగెత్తలేనివాడో, అందరికంటె చిన్నవాడో, ఆలస్యముగా వచ్చినవాడో అక్కడ నిలుచును. గోలు పడినచో అందరును వానినే తిట్టుదురు. పదిమార్లు ఆపినచో ఎవ్వడును చూడడు. మన వైపు చెరువుల క్రింద నీరటివాని కథయు నిట్టిదే. తూములు సరిగా పారినంతకాలము వాని పేరెవ్వరికిని జ్ఞప్తికి రాదు. ఒక్క రాత్రి గండి పడిన నాడు మాత్రము ఊరంతయు వాని యింటి ముందే యుండును.

తంగరాజుగారును మొదట గోలుకాపరి కాడు. సికింద్రాబాదు, హైదరాబాదు నగరములలో ఆనాడు ఫుట్‌బాలు వీథి వీథినను ఆడుచుండిరి. మార్నింగ్ స్టార్ క్లబ్బు, ఫ్రెండ్స్ యూనియన్ క్లబ్బు అను చిన్న జట్టులలో ఆయన ఆట ప్రారంభమయ్యెను. అట్టి చిన్న జట్టునుండి ఒలింపిక్సుకు పోయిన వాడని విన్నపుడు మన యువకులు నవ్వుదురు గాని, నవ్వవలసిన దేమియు లేదు. ఆ నగరమున అట్టి చిన్న క్లబ్బు లనేకము లుండుటచేతనే పెద్ద ఆటగాండ్రు పుట్టిరి. వానికి మీదుగా హైదరాబాదు నగర పోలీసు జట్టు ఉండెను. దానికి శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీముగారు, వృత్తిచే ఉపాధ్యాయుడు. ఆయన తీర్చిదిద్దిన ఆ జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా అయిదేండ్లు బొంబాయి రోవర్స్ కప్పును గెలిచెను. బడిపంతులొకడు పోలీసు జవానులచేత దేశమునందలి గొప్ప జట్టులను ఓడింపజేసెనన్నమాట.

1953లో తంగరాజుగారు సైన్యమున చేరి నీలగిరులలో వెల్లింగ్టన్ నందలి మద్రాసు రెజిమెంటు కేంద్రమునకు పోయెను. అప్పటికి ఆయన గోలు కొట్టువాడు, అనగా సెంటర్ ఫార్వర్డు. అక్కడ ఆయనను గోలులో నిలిపిరి. ఆరడుగులకు మించిన పొడవు, పొడవైన చేతులు, దెబ్బకు వెరవని గుండె. ఈ మూడును గోలుకాపరికి కావలసినవే. ఆ మార్పు ఆయన జీవితమునే మార్చెను. తన్నువాని మనసు ముందుగా తెలిసినవాడే బంతి నాపుటలో నేర్పరి యగునని నా యభిప్రాయము. గోలు కొట్టిన యనుభవము ఆయనకు వృథ కాలేదు. ఆ రెజిమెంటు జట్టు 1955లోను 1958లోను డ్యూరాండ్ కప్పు గెలిచెను. 1960లో సంతోష్ ట్రోఫీని గెలిచిన సర్వీసెస్ జట్టునకు ఆయనయే నాయకుడు.

బువ్వ సంగతి అడిగినవారు ఈ చోట గమనింపవలెను. ఆ కాలమున మన దేశమున ఆటను వృత్తియని చట్టమున నెవ్వరును ఒప్పుకొనలేదు. ఆటగాని జీతము ఆటకు కాదు, సైనికుని కొలువునకు. ఉదయము కవాతు, సాయంకాలము మైదానము. బూట్లు, ఆహారము, వైద్యము సైన్యమువే. తంగరాజుగారు ఆడిన నాడును ఆడని నాడును నెలకు జీతము వచ్చుచునే యుండెను. ఈ యొక్క సంగతి లేనిచో ఆ పొడవును ఆ చేతులును ఏ చిన్న క్లబ్బుతోనో ముగిసియుండెడివి.

1952 హెల్సింకి ఒలింపిక్సునందు మనవా రనేకులు వట్టి కాళ్లతోనే ఆడి యుగోస్లావియా చేత 10-1గా ఓడిరి. ఆ పరాభవము తరువాతనే బూట్లు తప్పనిసరి యయ్యెను. నాలుగేండ్లకు 1956లో రహీముగారి శిక్షణలో మెల్‌బోర్న్‌కు పోయిన జట్టు ఆస్ట్రేలియాను 4-2గా గెలిచి నాలుగవ స్థానమున నిలిచెను. ఒలింపిక్సు ఫుట్‌బాలునందు మన దేశము అంతకు మించి యెన్నడును పోలేదు. ఆ జట్టులో పలువురు హైదరాబాదు నగరమువారే; వారిలో తంగరాజు ఒకడు. 1958లో టోకియో ఆసియా క్రీడలందును మనవారిది నాలుగవ స్థానమే. ఆ యేడే తంగరాజుగారు ఆసియాఖండపు ఉత్తమ గోల్‌కీపరుగా ఎన్నుకొనబడెను. 1960లో రోములో హంగరీతో 2-1గా ఓడి, ఫ్రాన్సుతో 1-1గా సమానమై, పెరూతో 3-1గా ఓడి వెనుకకు వచ్చిరి. హంగరీవారు ఆ ఒలింపిక్సున కాంస్యపతకము పొందినవారు. అట్టివారిని రెండు గోలులకే నిలిపిన యాట చిన్నది కాదు. ఆ తరువాత నేటివరకు భారత ఫుట్‌బాలు జట్టు ఒలింపిక్సు మైదానము త్రొక్కలేదు.

ఇంక జకార్తా సంగతి. దీనిని కొంచెము విస్తరించి చెప్పుటకు సెలవు కోరుచున్నాను.

1962 ఆసియా క్రీడలు ఇండోనేషియా రాజధానియగు జకార్తాలో జరిగెను. ఇజ్రాయేలువారిని, తైవానువారిని ఆ క్రీడలకు రానీయలేదు. మన దేశపు క్రీడాధికారి జి. డి. సోంధీగారు దానిని విమర్శింపగా అచటి ప్రజలు మనవారిపై ఆగ్రహించిరి. మన జట్టు మైదానమునకు వచ్చినచో జనమంతయు గేలి సేయుచుండిరి. మొదటి యాటలోనే దక్షిణ కొరియా చేత 2-0గా ఓడిరి. పిదప థాయిలాండును 4-1గాను, జపానును 2-0గాను గెలిచి, సెమీఫైనలున దక్షిణ వియత్నామును 3-2గా గెలిచి, మరల అదే కొరియా జట్టు నెదుర్కొనవలసి వచ్చెను.

తంగరాజుగారు ఆ దినములలో జ్వరముపాలై యుండిరి. ఆయనకు బదులు బెంగాలీయుడైన ప్రద్యోత్ బర్మన్‌గారు గోలులో నిలిచి జట్టును ఫైనలుకు చేర్చిరి. ఇప్పుడు రహీముగా రేమి చేయవలెను? గెలిచి యిచ్చినవానిని తీసివేయుట ధర్మమా? జ్వరమునుండి అప్పుడే లేచినవానిని నిలుపుట వివేకమా? కొరియావారు ఎత్తుగా బంతులు వేసి తలలతో కొట్టుటలో నేర్పరులు. తంగరాజుగారి పొడవు వారికి అడ్డుగోడ కాగలదు. రహీముగారు తంగరాజును పిలిచిరి. బర్మన్‌గారు బల్లమీద కూర్చుండిరి.

1962 సెప్టెంబరు 4వ తేదీన సుమారు లక్షమంది ప్రేక్షకుల యెదుట ఆ యాట జరిగెను. పదునేడవ నిమిషమున పి. కె. బెనర్జీ, మూడు నిమిషములకు జర్నయిల్ సింగు గోలులు కొట్టిరి. జర్నయిల్ సింగు వాస్తవమునకు వెనుక కాచువాడు. థాయిలాండుతో ఆడునపుడు తల పగిలి కుట్లు పడియుండగా రహీముగారు వానిని ముందు వరుసకు పంపిరి. అటుపిమ్మట ఒక గంట సేపు తంగరాజును, ఆయన ముందున్న వారును కాచుకొనిరి. తుదిలో కొరియావారు ఒక్క గోలు తెచ్చుకొనిరి గాని రెండవది తేలేకపోయిరి. మనవారు 2-1గా గెలిచి స్వర్ణపతకము పొందిరి. ఫుట్‌బాలునందు ఆసియా క్రీడల స్వర్ణము మనకు మరల రాలేదు.

ఆ జట్టులో ఒక సిక్కు, కొందరు బెంగాలీలు, హైదరాబాదునుండి యూసఫ్ ఖాను, తులసీదాసు బలరాము, తంగరాజు. శిక్షకుడు రహీము అప్పటికే ఊపిరితిత్తుల క్యాన్సరు వ్యాధితో బాధపడుచుండెను. 1963 జూన్ 11న మరణించెను. 2024లో ఆయన కథ 'మైదాన్' అను హిందీ చలనచిత్రముగా వచ్చినందున మీలో పలువు రెరుగుదురు. చిత్రము చూచినవారు గోలులు కొట్టినవారిని తలచుకొందురు. తుదియాటలో తన చోటు విడిచి బల్లమీద కూర్చున్న బర్మన్‌గారిని తలచువా రెందరు? గోలులో ఒక్కడే నిలుచును. ముందువరుసకు అయిదుగురు కావలెను, వెనుకవరుసకు ముగ్గురు నలుగురు కావలెను. రెండవ గోలుకాపరికి మాత్రము మొదటివానికి జ్వరము రావలసినదే. మెల్‌బోర్న్‌కును రోముకును ఎస్. ఎస్. నారాయణ్‌గారు తంగరాజుతో కూడ పోయిరి. ఇరువురును సమర్థులే, ఒక యాటలో ఇరువురికి చోటు లేదు. మీ బిడ్డను ఈ పనికి పంపదలచిన తల్లిదండ్రులు పతకములనుగూర్చి యడుగుటకు ముందు ఈ బల్లనుగూర్చి యడుగవలెను.

తక్కిన గౌరవములను త్వరగా చెప్పెదను. 1964 ఆసియా కప్పున రెండవ స్థానము పొందిన జట్టులోను ఆయన యుండెను. 1966లో బ్యాంకాకు ఆసియా క్రీడలకు పోయెను. 1967లో అర్జున పురస్కారము లభించెను. కలకత్తాలో మహమ్మదన్ స్పోర్టింగు, మోహన్ బగాను, ఈస్టు బెంగాలు అను మూడు మహాజట్టులకును ఆడెను. ఆ నగరమున ఒక జట్టును విడిచి వేరొక జట్టునకు పోయినవానిని జనులు శత్రువువలె చూతురు. మూడింటికిని ఆడి మూడింటివారి మన్ననలను పొందుట సామాన్యము కాదు. 1971 ప్రాంతమున గోవాలోని వాస్కో జట్టుతో ఆయన యాట ముగిసెను.

పదునెనిమిదేండ్లు. చేరిననాడు పదునెనిమిదవ యేడు, విడిచిననాడు ముప్పదియైదు. గోలుకాపరి తక్కిన యాటగాండ్రకంటె కొన్ని యేండ్లు ఎక్కువ ఆడగలడు. అయినను ముప్పదియైదేండ్లకు కొలువు ముగియు పని వేరేది మన కులములో ఎవరికైన తెలియునా? రైతు ముప్పదియైదింట అప్పుడప్పుడే సేద్యము నేర్చుకొన్నవాడు. వకీలునకు ఆ వయస్సున కక్షిదారులు రా మొదలిడుదురు. ఆటగానికి మాత్రము జీవితము సగముండగనే ఉద్యోగము ముగియును.

తంగరాజుగారు అటుపిమ్మట శిక్షకుడయ్యెను. అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయమున కొంతకాలము, బొకారో ఉక్కు కర్మాగారపు క్రీడాశాలలో కొంతకాలము పిల్లలకు నేర్పెను. 2008 నవంబరు 24న బొకారోలోనే మరణించెను. హైదరాబాదున పుట్టి, నీలగిరులలో ఆట నేర్చి, కలకత్తాలో కీర్తి పొంది, ఉక్కు కార్మికుల పిల్లల మధ్య కన్నుమూసినవాడు. ఆయన జీవిత మెక్కడ చూచినను వెనుక ఒక సంస్థ కనబడును. ముందు సైన్యము, నడుమ క్లబ్బు, పిదప విశ్వవిద్యాలయము, తుదకు కర్మాగారము. ఆయన ప్రతిభ ఆయనదే. దానిని నిలిపినవి ఈ నాలుగును.

ఆయన తోడివాడు బలరాముగారి కథ ఇంకను స్పష్టము. సికింద్రాబాదువాడు, రోములో హంగరీపైనను పెరూపైనను గోలులు కొట్టినవాడు. ఇరువదియేడవ యేట ఊపిరితిత్తుల పొరకు వచ్చిన వ్యాధిచే ఆట విడువవలసివచ్చెను. ఒక్క జబ్బు, అంతటితో సరి. ఆయనకు రైల్వే జట్టునందు చేరుటచే కొలువు దొరకియుండెను, అది యాధారమయ్యెను. 2023 ఫిబ్రవరి వరకు బ్రదికిరి. ఆ కొలువు లేకున్నచో ఆ అరువదేండ్ల జీవితము ఎట్లు గడచెడిదో ఊహింపుడు.

ఇప్పుడు కాలము మారినది, ఆట వృత్తియైనదని కొందరు యువకు లందురు. నిజమే. 1996లో జాతీయ లీగు, 2014లో ఇండియన్ సూపర్ లీగు వచ్చెను. 2019లో హైదరాబాదు ఎఫ్.సి. స్థాపింపబడి, 2022 మార్చి 20న కేరళజట్టును పెనాల్టీలలో 3-1గా గెలిచి విజేతయయ్యెను. ఆనాడు మూడు తన్నులను ఆపినవాడును గోలుకాపరియే. గోవాకు చెందిన లక్ష్మీకాంత్ కట్టిమణి. మూడేండ్లు తిరుగకముందే, జీతములు అందలేదని ఆటగాండ్రు విడిచిపోయినట్లు పత్రికలలో చదివితిమి. 2025లో ఆ జట్టు పేరు మార్చుకొని ఢిల్లీకి తరలిపోయెను. జయము గొప్పదే, దానికి వెనుక నిలిచిన గోడ మాత్రము పలుచన. సైన్యమును రైల్వేను ఎవ్వరును రాత్రికి రాత్రి వేరొక నగరమునకు ఎత్తుకొనిపోలేరు.

కావున ఆటలకు ధనమీయుట వ్యర్థమని నే నందునా? అనను. వైరా వంటి చోట ఈ మాట అనుటయే తప్పు. మన ప్రాంతమున పిల్లల కాళ్లలో బలము కొరత లేదు. అటు ఖమ్మము, ఇటు భద్రాచలపు అడవి. ఈ నడుమ గూడెములలోను పల్లెలలోను మెట్టలెక్కి దిగుచు పెరిగిన బిడ్డల యూపిరి నగరపు పిల్లలకు లేదు. నిజామాబాదు జిల్లాలోని యొక తండానుండి గుగులోతు సౌమ్య వచ్చి భారత మహిళా జట్టున ఆడుచున్నది. తండానుండి రాగలిగిన బిడ్డ జలాశయము ప్రక్కనున్న మన యూరినుండి రాలేదా? లేనిది బలము కాదు. సమమైన మైదానము, గోలునకు వల, నేర్పువాడు, పదేండ్లు ఓపిక పట్టి వెనుక నిలుచువారు, ఇవి లేవు.

ఆటవలన చదువు చెడునను భయ మొకటి పెద్దలలో కలదు. చెడుటయు కలదు. అందుచే తీర్మానమునకు నేను మూడు సవరణలు కోరుచున్నాను. నిధినుండి సహాయము పొందు బాలుడు గాని బాలిక గాని చదువు మానరాదు. పదవ తరగతి, పిదప ఇంటరు, తరువాత పట్టమో వ్యాయామవిద్యలో శిక్షణయో పూర్తి చేయవలెను. రెండవది, సహాయము పతకము వచ్చిన యేట మాత్రమే యిచ్చునది కాక, ఏటేట, జట్టులో చోటు దొరకని యేటను, మోకాలు విరిగిన యేటను ఇచ్చునదిగా నుండవలెను. గెలిచిన బిడ్డకు దండ వేయుటకు మనమందరము సిద్ధమే. బల్లమీద కూర్చున్న యేట ఉత్తరము వ్రాయువా డొక్కడైన నుండవలెను. మూడవది పెద్దలలో కొందరికి రుచింపదు, అయినను చెప్పవలసియున్నది. మైదానమునకై ఖర్చు పెట్టునపుడు అది మన కులపు పిల్లలకే యని బోర్డు కట్టరాదు. పదునొకండుగురు కావలెను, ఎదుట ఆడుటకు మరి పదునొకండుగురు కావలెను. మన పిల్లలే యిరువదియిద్దరు ఒక్క యూర దొరకుదురా? దొరకినను, ఎప్పుడును తన యన్నదమ్ములతోనే ఆడిన గోలుకాపరికి పరాయివాని తన్ను ఎట్లుండునో తెలియకపోవును. ఆ తన్ను మొదటిసారి జిల్లాపోటీలో ఎదురైనచో అప్పటికి ఆలస్యము.

హకీంపేటయందలి ప్రభుత్వ క్రీడాపాఠశాలలో చిన్నతరగతులనుండియే పిల్లలను పరీక్షించి చేర్చుకొందురు. వచ్చు పరీక్షలకు మన ప్రాంతమునుండి ఎవ్వరిని పంపవచ్చునో యువజనశాఖవారు గ్రామగ్రామము తిరిగి చూడవలెనని కోరుచున్నాను. చూచునపుడు గోలులు కొట్టువానినే కాక, వయస్సునకు మించి పొడవు పెరిగి, బంతి మొగముమీదికి వచ్చినను కన్ను మూయని పిల్లవాడు ఎక్కడైన గోలులో నిలుపబడి యున్నాడేమో చూడుడు. సాధారణముగా వాని పేరు ఎవ్వరును చెప్పరు. మీరే యడిగి వ్రాసికొనవలెను. సాయంకాలము తీర్మానము చర్చకు వచ్చునపుడు ఈ మూడు సవరణలను వ్రాతపూర్వకముగా అధ్యక్షులవారికి సమర్పించెదను.